సీసాలో వంద చుక్కలు, మా వీధిలో ఎనభై ఆరు కోళ్ళు

పొద్దున్న గూడు తలుపు తీసే ముందు నేను రెట్ట చూస్తాను. మా గూటికి అడుగున వెదురు బద్దలు, వాటి కింద పాత ఫ్లెక్సీ ముక్క పరిచి ఉంటుంది. రాత్రంతా పడిన రెట్ట దాని మీద కనిపిస్తుంది. ముదురు రంగులో గట్టిగా ఉండి, పైన తెల్లటి టోపీ పెట్టినట్టుంటే ఆ కోడికి ఏ ఇబ్బందీ లేదు. రోజుకి కొన్నిసార్లు పాకంలా జారుగా వేస్తాయి, దానికీ కంగారు పడక్కర్లేదు. ఆకుపచ్చగా నీళ్ళలా ఉన్నా, నెత్తుటి చారలున్నా ఆ రోజు తలుపు తియ్యను. అది ఏ కోడిదో తేలేదాకా అన్నీ లోపలే ఉంటాయి.

మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడికీ కాశీనగర్‌కీ మధ్య చిన్న ఊరు. వీధిలో సగం తెలుగిళ్ళు, సగం ఒడియా ఇళ్ళు, వెనకాల కొండ మీద సవర గూడేలు. రేషన్ కార్డు ఒడియాలో ఉంటుంది, ఇంట్లో మాట తెలుగు. మేం కోడి అంటాం, పక్కింటి మావుసి (ఒడియాలో పిన్ని) కుకుడా అంటుంది. రోగం మాత్రం రెండిళ్ళకీ ఒకేసారి వస్తుంది. నేను కోళ్ళు పెంచడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్ళయింది. ఈ మాట నాకు అర్థం కావడానికి అందులో సగం కాలం పట్టింది.

2016 సంక్రాంతికి సంతలో ఒక పుంజుని కొన్నాం. ఎర్రటి ఈకలు, చక్కటి జుట్టు. తెచ్చిన సాయంత్రమే మిగతావాటితో కలిపి గూట్లో వదిలేశాను. నాలుగో రోజుకి అది రెక్కలు వేలాడేసి మూలన నిలబడింది. నోరు తెరిచి గురకలా ఊపిరి తీస్తోంది, రెట్ట పచ్చగా ఉంది. ఆ తర్వాత ఒక పెట్టకి మెడ మెలితిరిగి తల వీపు మీదకి వచ్చేసింది. నీళ్ళు తాగబోయి గిన్నె పక్కన పొడుస్తోంది. వెల్లుల్లి నూరి మింగించాను. పసుపు ముద్దలు పెట్టాను. మందుల షాపులో ఎర్రా నల్లా క్యాప్సూల్ కొని, విప్పి నీళ్ళలో కలిపాను. ఆరు రోజుల్లో ఇరవై ఏడు కోళ్ళలో నాలుగు మిగిలాయి. మావుసి ఇంట్లో పధ్నాలుగు పోయాయి. నా పుంజు వల్లే పోయాయని ఆవిడ ఒక్క మాటా అనలేదు గానీ, నాకు తెలుసు.

దానిని మన పెద్దవాళ్ళు కొక్కెర తెగులు అన్నారు. ఇప్పుడు అందరూ రాణిఖెత్ అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గుర్తించారు కాబట్టి బయటి దేశాల్లో ఆ ఊరి పేరే పెట్టారు. మరుసటి ఏడాది మన కుమావూ కొండల్లో రాణిఖెత్ దగ్గర కనిపించింది, అందుకని ఇక్కడ ఈ పేరు. ఇది వైరస్. వచ్చాక మందు లేదు. నేను వేసిన క్యాప్సూల్ బ్యాక్టీరియాకి వేసేది, దీని మీద పని చెయ్యదు. రాకుండా ఆపేది టీకా ఒక్కటే. ఆ టీకా కంట్లో వేసే ఒక చుక్క.

మరి ఇంత సులువైనది ఊళ్ళలో ఎందుకు వెయ్యరు? కారణం సీసా. చిన్న సీసా తెచ్చుకున్నా అందులో వంద కోళ్ళకి సరిపడా ఉంటుంది. మీ ఇంట్లో ఉన్నవి పది. కలిపాక గంట, మహా అయితే రెండు గంటల్లో వాడెయ్యాలి, మర్నాటికి దాచుకోలేరు. పైగా దాన్ని ఫ్రిజ్ చల్లదనంలో, అంటే 2 నుంచి 8 డిగ్రీల మధ్య మోసుకురావాలి. పది కోళ్ళ కోసం ఎవరు ఇంత తిప్పలు పడతారు? పడరు. అందుకే ఏడాదికోసారి వీధి వీధంతా ఖాళీ అవుతుంది.

మేం చేసింది ఇది. వీధిలో తొమ్మిదిళ్ళు కలిశాం. పోయినసారి లెక్కపెడితే ఎనభై ఆరు కోళ్ళు, సీసా దాదాపు సరిపోయింది. మూడు నాలుగు నెలలకోసారి ఒక రోజు అనుకుంటాం. దాన్ని చుక్కల రోజు అంటాం. ఒకరు వెళ్ళి సీసా తేవాలి, ఒకరు ముందు రోజు ఐస్ పెట్టాలి, ఒకరు ఇంటింటికీ తిరిగి కోళ్ళని గంపల కింద మూయించాలి. వంతులు గోడ క్యాలెండర్ మీద రాసి ఉంటాయి. మొదటి రెండుసార్లు మా వైపు ఎల్.ఐ. బాబు, అంటే లైవ్‌స్టాక్ ఇన్‌స్పెక్టర్, దగ్గరుండి నేర్పించారు. మీ ఊళ్ళో ప్రాణిమిత్ర, అంటే పశువులకీ కోళ్ళకీ టీకాలు వేసే ఊరి కార్యకర్త, ఉంటే వాళ్ళనడగండి. ఆంధ్రా వైపు ఉన్నవాళ్ళు పశువైద్యశాలలో అడగండి. మొదటిసారి ఎవరో ఒకరు చేసి చూపిస్తే గానీ చెయ్యి కుదరదు.

మూత గట్టిగా ఉన్న ప్లాస్కులో ఐసు ముక్కలు వేసి, సీసాని చిన్న కవర్లో చుట్టి పెడతాం. టీకా కలిపే నీరు దానితో పాటే వస్తుంది, దాన్నీ చల్లగానే ఉంచాలి. కుళాయి నీళ్ళు కలపకూడదు, అందులో బ్లీచింగ్ ఉంటే టీకా చచ్చిపోతుంది. తెల్లవారుజామున గానీ పొద్దు వాలాక గానీ నీడలో కూర్చుని వేస్తాం. అప్పటికే ముక్కు కారుతున్న కోడికి, మందకొడిగా ఉన్న కోడికి వెయ్యం.

కోడిపిల్లని ఎడమ అరచేతిలో పట్టుకుని, బొటనవేలితో తలని కొంచెం పక్కకి వంచాలి. ఒక కన్ను ఆకాశం వైపు తిరుగుతుంది. డ్రాపర్‌ని నిలువుగా, కంటికి తగలకుండా పట్టుకుని ఒక్క చుక్క వదలాలి. చుక్క కంటి మీద గుండ్రంగా నిలుస్తుంది. అప్పుడు పక్కనుంచి ఒక పల్చటి పొర వచ్చి కన్ను తుడిచినట్టు కదులుతుంది. రెండుసార్లు అలా కదిలేసరికి చుక్క ఇంకిపోతుంది. అది ఇంకేదాకా పిల్లని వదలకూడదు. చాలామంది తొందరపడి చుక్క పడగానే వదిలేస్తారు, పిల్ల తల విదిలిస్తుంది, చుక్క నేల మీద పడుతుంది. టీకా వేసినా కోళ్ళు చచ్చాయని చెప్పేవాళ్ళలో కొందరి సంగతి ఇదే అయి ఉంటుందని నా అనుమానం. వేశాక మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. ఈలోగా కళ్ళు నలుపుకోవద్దు, అది మన కంట్లో పడితే కన్ను ఎర్రబడి మండుతుంది. మిగిలిన టీకాని, సీసాని మరిగించి పాతిపెట్టండి.

పిల్లలకి ఐదు నుంచి ఏడు రోజుల మధ్య మొదటి లసోటా చుక్క (లసోటా అంటే కంట్లో వేసే ఈ టీకా పేరు). నాలుగు వారాలకి మళ్ళీ చుక్క. ఎనిమిది వారాలకి ఆర్-టు-బి అనే ఇంజెక్షను. ఇది కొంచెం ఘాటైన టీకా, ఆ వయసు రాని పిల్లలకి వేస్తే వాటికే రోగం తెప్పించొచ్చు. అందుకని మేం సొంతంగా వెయ్యం, ఎల్.ఐ. బాబుతోనే వేయిస్తాం. చుక్క పడిన ఒకటి రెండు రోజులు కొన్ని తుమ్ముతాయి, భయం లేదు. పూర్తి బలం రావడానికి రెండు వారాలు పడుతుంది. కాబట్టి రోగం పక్క ఊరికి వచ్చాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఒక్కో పెట్ట ఒక్కో వారం పిల్లలు చేస్తే ఐదో రోజు చుక్క ఎన్నిసార్లు వేస్తాం? అందుకని పొదుగుకి కూర్చోబెట్టడం కూడా వీధంతా కలిసే చేస్తాం. ఒక పెట్ట ముందే పొదుగుకి వస్తే, రెండోది వచ్చేదాకా దాని కింద రెండు పాత గుడ్లు పెట్టి కూర్చోనిస్తాం. మూడు నాలుగు పెట్టలు కుదిరాక ఒకే రాత్రి అన్నింటి కిందా అసలు గుడ్లు మారుస్తాం. ఇరవై ఒకటో రోజుకి వీధంతా కీచుకీచులే. నా మటుకు అంతకంటే మంచి పొద్దు లేదు.

నాటు పెట్ట కింద పది, పన్నెండుకి మించి పెట్టొద్దు. ఎక్కువైతే చివరి గుడ్లకి వేడి అందదు. గుడ్డు పెట్టి వారం దాటకూడదు, కడగకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు. నేను బియ్యం డబ్బాలో సన్నటి కొస కిందకి ఉండేలా నిలబెడతాను. వెడల్పాటి గంపలో అడుగున ఇసుక, బూడిద, దాని మీద ఎండుగడ్డి, మధ్యలో గుంట. పక్కనే నూకలు, నీళ్ళు. పెట్ట రోజుకొకసారి లేచి తిని, రెట్ట వేసి, మళ్ళీ ఎక్కుతుంది. ఎక్కకపోతే గంపకి పేలు పట్టాయేమో చూడండి. ఏడో రాత్రి చీకట్లో ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తాను. లోపల సాలెపురుగులా ఎర్రటి నరాలు కనిపిస్తే పిల్ల ఉన్నట్టే. నిర్మలంగా ఉన్నవాటిని తీసేస్తాను. పద్దెనిమిదో రోజు నుంచి ముట్టుకోను. మా వైపు మాఘ ఫాల్గుణాల్లో చేసిన పిల్లలు బాగా నిలుస్తాయి. ఏప్రిల్ దాటితే ఎండకి గుడ్లు మురిగిపోవడం ఎక్కువ, అందుకే పొదుగు ఆపేస్తాను.

వనరాజా, గ్రామప్రియ తెమ్మని చాలామంది చెబుతారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ వాళ్ళు పెరటి పెంపకం కోసమే తయారుచేసిన రకాలవి. మంచివే, గుడ్లు నాటు పెట్ట కంటే బాగా ఎక్కువ పెడతాయి. కానీ అవి పొదుగుకి సరిగా కూర్చోవు, ప్రతిసారీ పిల్లల్ని కొనాలి. వనరాజా ఒళ్ళు బరువు, గద్ద వచ్చిందంటే నాటు కోడిలా కంప కిందకి దూసుకుపోలేదు. నా దగ్గర గుడ్ల కోసం నాలుగు గ్రామప్రియలు ఉన్నాయి, మిగతావన్నీ నాటువే. ఏడాదికి మూడుసార్లు, సారికి పన్నెండు పదిహేను గుడ్లు పెడతాయి, నాకది చాలు.

కొన్న పిల్లలకి తల్లి ఉండదు కాబట్టి మొదటి వారం 35 డిగ్రీల వేడి ఇవ్వాలి, తర్వాత వారం వారం కొంచెం తగ్గించాలి. థర్మామీటరు లేకపోతే పిల్లల్నే చూడండి. బల్బు కింద గుట్టగా పడితే చలి, గోడలకి అంటుకుని నోరు తెరిస్తే వేడి ఎక్కువైనట్టు. చెదిరి తిరుగుతూ గింజలు ఏరుతుంటే సరిపోయినట్టు.

మేతలో ఎక్కువమంది చేసే తప్పు, తవుడూ నూకలూ మాత్రమే వెయ్యడం. దానితో కడుపు నిండుతుంది, పిల్లకి కండ పట్టదు, ఈక రాదు. మా అమ్మమ్మ చెదపురుగుల కుండ పెట్టేది, నేనూ అదే పెడతాను. పగిలిన కుండలో తడిపిన ఎండుగడ్డి, ఆవుపేడ, చిరిగిన అట్టముక్కలు కుక్కి, సాయంత్రం పుట్ట దగ్గర నేలని కొంచెం గీకి దాని మీద బోర్లిస్తాను. పొద్దున్న ఎండ రాకముందే వెళ్ళి ఎత్తాలి, ఆలస్యమైతే చెదలు కిందకి దిగిపోతాయి. ఎత్తగానే గడ్డి తెల్లగా కదులుతుంటుంది. తట్టలో దులిపితే పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఏరుకుంటాయి. ఐదు నిమిషాల్లో తట్ట శుభ్రం. వానాకాలంలో కుండ పెట్టక్కర్లేదు, పురుగులు వాటికే దొరుకుతాయి. పెద్ద కోళ్ళకి సాయంత్రం తలా ఒక గుప్పెడు చోళ్ళు (రాగులు), నూకలు చాలు. గుడ్లు పెట్టే పెట్టలకి ఎండబెట్టి నూరిన గుడ్డుపెంకులు కలుపుతాను. ఉప్పు ఎక్కువున్న కూరలు, పచ్చళ్ళు, బూజు పట్టిన వేరుశనగ చెక్క వెయ్యొద్దు. బూజులో ఉండే విషం కోళ్ళ కాలేయాన్ని తినేస్తుంది.

వేసవిలో నీళ్ళు పూటకోసారి మార్చి, మట్టి మూకుళ్ళలో నీడన పెట్టండి. ఇంతకంటే చెప్పడానికి లేదు.

వానాకాలం వేరే సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తిత్లీ తుపాను తీరం దాటినప్పుడు మా గూటి రేకు ఎగిరిపోయింది. కోళ్ళన్నింటినీ వంటింట్లో గంపల కింద మూశాం. ఒక్కటీ పోలేదని సంతోషించాను. పన్నెండు రోజుల తర్వాత నెలన్నర పిల్లలు ఒళ్ళు ముడుచుకుని కళ్ళు మూసుకుని నిలబడ్డాయి, రెట్టలో నెత్తురు. అది రక్తపారుడు. తడిసిన చెత్తలో ఆ క్రిములు పెరుగుతాయి, పిల్లలు రెట్ట అంటిన గింజల్ని ఏరి తింటే లోపలికి పోతాయి. దీనికి మందుంది, ఆంప్రోలియం అని నీళ్ళలో కలిపేది. ఎంత కలపాలో ప్యాకెట్టు చూసి, ఎల్.ఐ. బాబుని అడిగి వేశాను. పదకొండింటిలో ఎనిమిది బతికాయి. ఆ ఏడాది నుంచి వానలకి ముందే రెండు బస్తాల పొడి బూడిద, ఊక అటక మీద దాస్తాను. తడిసిన చెత్త ఆ రోజే ఎత్తి పారేసి, పొడిది చల్లుతాను. నీళ్ళ గిన్నె ఇటుక మీద ఎత్తుగా పెడితే అందులో రెట్ట పడదు, చుట్టూ బురద కాదు.

వానలు తగ్గి దోమలు పెరిగాక అమ్మోరు వస్తుంది. జుట్టు మీద, కళ్ళ చుట్టూ పులిపిరుల్లాంటి పొక్కులు. మావుసి గూటికి వేపమండ కడుతుంది, నేనూ కడతాను. దానితో పాటు ఆ కోడిని వేరుగా ఉంచి, పొక్కులకి వేపనూనెలో పసుపు కలిపి రాస్తాను. పొక్కుల్ని గిల్లొద్దు. మూడు నాలుగు వారాల్లో రాలిపోతాయి. కన్ను మూసుకుపోతే చేత్తో తినిపించాలి. నోట్లో పచ్చటి పొర కడితే మాత్రం డాక్టరుకి చూపించండి, ఊపిరాడక పోతాయి. దీనికీ టీకా ఉంది, రెక్క పొరలో సూదితో గుచ్చుతారు.

పేలకి పొలంలో కొట్టే పురుగుమందు పొడి ఎవరో చల్లమన్నారని చల్లకండి. అది ఒంటికీ గుడ్డుకీ ఎక్కుతుంది. ఒక మూల బూడిదా ఇసుకా కలిపి గుంట నింపి, పైన నీడ కట్టండి. కోళ్ళు అందులో పొర్లి వాటి ఒళ్ళు అవే బాగు చేసుకుంటాయి. గూటికి ఏడాదికి రెండుసార్లు చిక్కటి సున్నం, సందుల్లోకి దిగేలా వెయ్యండి. నులిపురుగులకి మూడు నెలలకోసారి మందు ఇవ్వండి. ఏ మందు ఇచ్చినా, ఎన్ని రోజులు గుడ్డు తినకూడదో అడిగి తెలుసుకోండి.

గూడు నేలకి రెండడుగుల ఎత్తున, కోడికి ఒక అడుగు చదరం చొప్పున ఉంటే చాలు. జాలీ కన్నాలు బొటనవేలు పట్టనంత చిన్నవి ఉండాలి. ముంగిసకి రెండు వేళ్ళ సందు చాలు. పాము గుడ్ల కోసం వస్తుంది, అందుకే గుడ్లు సాయంత్రానికల్లా తీసేస్తాను. తలుపుకి తాడు కట్టొద్దు, గొళ్ళెం పెట్టండి.

సంత నుంచి ఏ కోడిని తెచ్చినా ఇప్పుడు మూడు వారాలు ఇంటికి అవతలి పక్కన గంప కింద ఉంటుంది. దాని గిన్నె వేరు. ముందు నా కోళ్ళకి మేత వేసి, ఆఖరున దాని దగ్గరికి వెళ్తాను, తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుంటాను. అల్లుడు పండక్కి తెచ్చినదైనా ఇంతే. సంతకి తీసుకెళ్ళి అమ్ముడుపోక వెనక్కి తెచ్చుకున్న కోడికీ ఇదే పద్ధతి, చాలామంది దీన్ని మర్చిపోతారు. కోడి జబ్బుపడితే చవగ్గా అమ్మెయ్యడం, కోసి వీధిలో పంచడం మా వీధిలో మానేశాం. ఈకలు, పేగులు చెరువు గట్టున పడితే అక్కణ్ణించి రోగం ఊరంతా తిరుగుతుంది. చచ్చినదాన్ని లోతుగా గొయ్యి తీసి సున్నం వేసి పాతిపెడతాం, వంశధారలోకి విసరం.

ఒక్క రోజులో పది పదిహేను కోళ్ళు ఉన్నట్టుండి పడిపోతే, జుట్టు నీలంగా మారితే వాటిని ముట్టుకోకుండా వెంటనే పశువుల ఆఫీసుకి చెప్పండి, లేదా 1962కి ఫోన్ చెయ్యండి. బర్డ్ ఫ్లూ మన దేశంలో మొదట 2006లో మహారాష్ట్ర నవాపూర్‌లో బయటపడింది. 2024 ఆగస్టులో మన పూరీ జిల్లా పిపిలి దాకా వచ్చింది. అది మనుషులకీ అంటుకోగలదు. ఇంట్లో చిన్నపిల్లల్ని అటు పోనివ్వకండి, ఆ మాంసం వండకండి.

పొద్దు గుంకేసరికి కోళ్ళు వాటంతట అవే గూటికి చేరతాయి. ఎక్కుతుంటే లెక్కపెడతాను, ఎక్కాక ఒక్కోదాని మెడ కింద మేత సంచి తడిమి చూస్తాను. నిండుగా, మెత్తగా ఉంటే ఆ రోజు బాగా తిన్నట్టు. ఖాళీగా ఉన్నదాన్ని గుర్తుపెట్టుకుని పొద్దున్న ముందు దాని రెట్టే వెతుకుతాను. నిన్న పందొమ్మిదికి పందొమ్మిదీ నిండుగా ఉన్నాయి. గొళ్ళెం పెట్టి వచ్చి క్యాలెండర్ చూశాను. వచ్చే మంగళవారం చుక్కల రోజు, సీసా తేవడం నా వంతు, ఐసు మావుసి వంతు. చివరింటి వదిన కొత్తగా ఆరు పెట్టల్ని తెచ్చిందట, వాటికి మూడు వారాలు నిండాయో లేదో రేపు అడగాలి.